28 వేలు తిరిగిన పాత బండా, 92 వేలు తిరిగిన కొత్త బండా?

ప్రశ్న: సర్వేయరు గారికి నమస్కారం. మాది విశాఖలో మధురవాడ, నా ఉద్యోగం గాజువాకలో. ఇన్నాళ్లూ బస్సులూ ఆటోలతో నెట్టుకొచ్చాను, ఇక నావల్ల కాదు. సెకండ్‌హ్యాండ్ కారు కొందామని రెండు స్విఫ్ట్‌లు చూశాం, రెండూ పెట్రోలువే. ఒకటి 2015ది, ఏపీ 31 నంబరు, 28 వేల కిలోమీటర్లే తిరిగింది. లాసన్స్‌బే కాలనీలో సముద్రం కనిపించే ఇల్లు, రిటైరైన ఆఫీసరు గారు ఒక్కరే వాడారు. 3 లక్షల 70 వేలు చెబుతున్నారు. రెండోది 2020ది, ఏపీ 39 నంబరు, 92 వేలు తిరిగింది. సీతమ్మధారలో ఉండే మెడికల్ రెప్‌ది, 4 లక్షల 60 వేలు. మా నాన్నగారు మొదటిదాని చుట్టూ ఒక రౌండు తిరిగి “పెళ్లికూతురిలా ఉంది, లక్ష తిరిగిన బండి ఎవరైనా కొంటారా” అన్నారు. మా తమ్ముడేమో పదేళ్లు దాటిన బండి వైపు చూడొద్దంటాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. వయసు చూడాలా, తిరుగుడు చూడాలా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట 28 వేలూ కాదు, 92 వేలూ కాదు. “సముద్రం కనిపించే ఇల్లు” అన్నారు చూడండి, అది. ఇంట్లోంచి మనకి సముద్రం కనిపిస్తోందంటే కింద పార్కింగులో ఉన్న బండికీ కనిపిస్తున్నట్టే. పదకొండేళ్లుగా అది పగలూ రాత్రీ ఆ గాలే పీలుస్తోంది.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఇద్దరూ చెప్పింది నిజమే అనుకుంటే నా ఓటు 2020 బండికి. కాకపోతే 4 లక్షల 60 వేలకి కాదు, అలాగే ర్యాంపు ఎక్కించి కింద చూడకుండా రెండింట్లో దేనికీ టోకెన్ అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు.

ఇరవయ్యారేళ్లు మోటారు ఇన్సూరెన్సు సర్వేయరుగా చేశాను. యాక్సిడెంటైన బండి దగ్గరికి వెళ్లి, ఏది మార్చాలి, ఏది సరిచేయొచ్చు, కంపెనీ ఎంతివ్వాలి అని లెక్క కట్టే పని. ఆ లెక్కకి మా దగ్గర తరుగు పట్టిక ఒకటుంటుంది, కొత్త భాగం ధరలోంచి ఎంత కోయాలో చెప్పేది. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీ అయితే బండి వయసు ఎంతైనా సగం కోతే. ఇనుప భాగాలకి మాత్రం వయసును బట్టి పెరుగుతూ పోతుంది. ఐదు నుంచి పదేళ్ల బండికి 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం. ఆ పట్టికలో కిలోమీటర్ల గడి అంటూ లేదు. చేరిన కొత్తలో నాకు వింతగా ఉండేది, ఇల్లు కదలని బండికీ ఊళ్లు తిరిగే బండికీ ఒకే కోత ఏమిటని. విశాఖలో పదేళ్లు బండ్ల కింద దూరి చూశాక ఆ వింత పోయింది.

కిలోమీటర్లంటే బండి చేసిన పని, వయసంటే అది పడి ఉన్న కాలం. పనివల్ల అరిగేవి ఏమిటో మెకానిక్‌కి వేళ్ల మీద లెక్క: క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, సస్పెన్షన్ బుష్‌లు, షాకబ్జర్బర్లు. ఇవన్నీ షాపులో దొరుకుతాయి, విప్పి బిగిస్తే మళ్లీ కొత్తవే. కాలం తినేవి వేరు. హోసులు గట్టిపడి చిట్లుతాయి. ఏసీ కంప్రెసర్ సీళ్లు ఎండిపోయి గ్యాసు కారుతుంది. బ్రేక్ ఆయిలు గాల్లో తేమ పీల్చుకుంటుంది, అందుకే తిరిగినా తిరక్కపోయినా రెండేళ్లకోసారి మార్చమంటారు. ఇంజనాయిలుకి కూడా పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని రాసి ఉంటుంది. ఆ ‘ఏడాది’ అన్న మాటని తక్కువ తిప్పేవాళ్లు దాదాపు ఎవ్వరూ పట్టించుకోరు. “రెండువేలే కదా తిరిగింది, అప్పుడే సర్వీసింగ్ ఎందుకు” అంటారు. లాసన్స్‌బే పెద్దాయన కూడా అలా అని ఉండొచ్చు, సర్వీసు బుక్కు అడిగితే తెలిసిపోతుంది.

లెక్క వేసి చూడండి. 28 వేలని పదకొండేళ్లకి పంచితే ఏడాదికి రెండున్నర వేలు, రోజుకి ఏడు కిలోమీటర్లు. నిజానికి రోజూ ఏడు తిరగదు, నాలుగు రోజులు కదలకుండా ఉండి ఐదో రోజు రైతుబజారుకి వెళ్లొస్తుంది. ఇంజను పూర్తిగా వేడెక్కేలోపే తిరిగి ఇంటికి చేరిపోతుంది. వేడెక్కని ఇంజన్లో పుట్టిన నీటి ఆవిరి బయటికి పోకుండా సైలెన్సర్లోనే నిలిచి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. కొంత ఆయిల్లోకీ దిగుతుంది. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవుంటుంది, ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, దానికి తేమ పీల్చే గుణం ఉంది. మన ఊళ్లో తేమకి కరువా!

92 వేల బండి కథ ఇలా ఉండదు. మెడికల్ రెప్ అన్నారు కాబట్టి అటు శ్రీకాకుళం, ఇటు తుని, మధ్యలో విజయనగరం అనుకుందాం. పొద్దున్నే స్టార్ట్ చేసి హైవే ఎక్కితే గంటన్నర ఒకే గేరులో పోతుంది. క్లచ్ మీద కాలు పెట్టే పనే తక్కువ. మద్దిలపాలెం నుంచి ఎన్‌ఏడీ దాకా సాయంత్రం ఆరింటికి పాకే బండి, ఆ కాసిని కిలోమీటర్లలో క్లచ్‌ని తొక్కినంత, ఈ బండి తుని వెళ్లొచ్చినా తొక్కదు. కిలోమీటర్లన్నీ ఒక్క జాతివి కావు. ఇదే 92 వేలు ఊళ్లోనే తిరిగి ఉంటే నా జవాబు ఇంత ధీమాగా ఉండేది కాదు. రెప్‌ని కబుర్లలో పెట్టి ఏ ఊళ్లు చూస్తారో అడగండి. సర్వీసింగులు ఏడెనిమిది నెలలకొకటి చొప్పున పడి ఉంటే హైవే మాట నిజమే కావచ్చు.

ఇప్పుడు ఉప్పు సంగతి. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండేవాళ్లు ఇచ్చే సలహా ఇక్కడే మనకి పనికిరాకుండా పోతుంది.

అల విరిగినప్పుడు లేచే తుంపర గాల్లో ఆరిపోయి, ఉప్పు ఒక్కటే కంటికి కనిపించని ధూళిలా మిగులుతుంది. తీరానికి దగ్గర్లో ఎక్కువగా పడుతుంది, లోపలికి వచ్చేకొద్దీ బాగా తగ్గిపోతుంది. ఆర్కే బీచ్ ఎదురుగా అపార్ట్‌మెంట్లలో కిటికీ గ్రిల్స్ చూడండి, తర్వాత సీతమ్మధారలో చూడండి. రెండేళ్లకోసారి రంగేసినా బీచ్‌రోడ్డు గ్రిల్సు పొట్టు రేగుతాయి. కారు కూడా ఇనుమే, కాకపోతే పైన కంపెనీ వేసిన మంచి రంగు ఉంటుంది కాబట్టి పైకి పెళ్లికూతురే. రంగు పలచగా ఉన్న చోట, చెమ్మ ఆగే చోట, రెండు రేకులు అతుక్కునే చోట పని జరుగుతూ ఉంటుంది. వానొస్తే పైనున్న ఉప్పు కడుక్కుపోతుంది, అడుగున ఉన్నది ఎక్కడికీ పోదు. కొందరు రోజూ బండి కడిగిస్తాం అని గొప్పగా చెబుతారు. తీరం దగ్గర బోరునీళ్లు ఉప్పగా ఉన్నచోట ఆ కడగడం ఇంకా కీడే చేస్తుంది.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి, సర్వేయరై ఉండి మరీ చేసిన తెలివితక్కువ పని. మా ఆవిడ నేర్చుకోవడానికని ఎనిమిదేళ్ల నాటి చిన్న కారొకటి కొన్నాను, 19 వేలు మాత్రమే తిరిగింది. అమ్మిన పెద్దమనిషి ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, మీటరు నిజం, యాక్సిడెంటు లేదు, కాగితాలు సవ్యం. బీచ్‌రోడ్డులో వాళ్ల ఇంటి ముందు గొడుగు కింద ఉండేది. రెండో వారంలో ఏసీ చల్లబడటం మానేసింది. బానెట్ ఎత్తి ముందున్న కండెన్సర్ రెక్కల మీద గోరు పెడితే బూజుపట్టిన అట్టలా రాలిపోయాయి. నెలకి రేడియేటరు, తర్వాత పెట్రోలు పంపు. ఒక ఆదివారం సింహాచలం కొండ దిగుతుంటే బ్రేకు పెడలు మెత్తగా లోపలికి దిగిపోయింది. గేర్లు తగ్గించుకుంటూ, ఆపద్బాంధవుణ్ణి తలచుకుంటూ కిందికి చేరాం. వెనక చక్రం దగ్గర సిలిండర్ రబ్బరు పగిలి ఆయిలు కారిపోయింది. ఏడాదిలో 68 వేలు పెట్టి, చివరికి ఎంతకి పోతే అంతకి అమ్మేశాను. మా ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంది మాత్రం వేరే బండి మీద.

అందుకే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న “ఎంత తిరిగింది?” కాదు. “రాత్రిళ్లు ఎక్కడ పెట్టేవారు?” అని అడగండి. సెల్లారా, షెడ్డా, ఆరుబయటా, గాలి ఎటునుంచి కొడుతుంది? అమ్మేవాళ్లు ఈ ప్రశ్నకి జవాబు తయారు చేసుకుని ఉండరు, నిజమే చెబుతారు.

తర్వాత ర్యాంపు. ఆటోనగర్‌లోనో మీ ఇంటి దగ్గరో, అమ్మేవాళ్లకి తెలిసిన మెకానిక్ కాకుండా మీకు తెలిసినవాణ్ణి చూసుకుని, కొంత డబ్బు ఇచ్చి రెండు బండ్లనీ పైకెత్తించండి. ఒక టార్చి, ఒక స్క్రూడ్రైవరు చాలు. స్క్రూడ్రైవరు పిడితో నేల రేకు మీద మెల్లగా తట్టుకుంటూ పోవాలి. మంచి రేకు టంగుమంటుంది. తిన్న రేకు మట్టికుండ పగిలినట్టు మొద్దుగా పలుకుతుంది, ఒక్కోసారి అప్పడంలా పొర ఊడి చేతిలో పడుతుంది. పైపైన ఎర్రటి పొడి ఉంటే భయపడక్కర్లేదు, బోల్టుల మీద, సైలెన్సర్ మీద అది మామూలే. బ్రేక్ డిస్కు మీద రాత్రికి రాత్రి పట్టే తుప్పూ అంతే, మన ఊళ్లో నాలుగు రోజులు కదలని ప్రతి బండికీ ఉంటుంది, రెండు బ్రేకులు వేస్తే పోతుంది. భయపడాల్సింది పొర లేచినప్పుడు, రంగు కింద పొక్కు ఉన్నప్పుడు, పిడి తగిలితే రేకు సొట్టపోయినప్పుడు.

చోట్లు కూడా చెబుతాను. జాకీ పెట్టే అంచు. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు, అవి మూసుకుపోయి ఉంటే తలుపు లోపల చెరువే. చక్రాల పైన లోపలి వంపు. డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంటలో. ముందు సీట్లు బిగించిన బోల్టులు. సస్పెన్షన్ బాడీకి కలిసే చోటు, ఇది అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడ పొర లేస్తే బేరమే వద్దు. అడుగంతా నల్లగా కొత్తగా కోటింగు కొట్టించి ఉంటే మెచ్చుకోకండి, దాని కింద ఏం దాచారో అని చూడండి. టింకరింగ్ చేసి పుట్టీ పెట్టి రంగేస్తే రెండు వానాకాలాలు గడుస్తాయి, మూడో వానాకాలానికి పొక్కు మళ్లీ అక్కడే లేస్తుంది. క్లచ్ పోతే కొత్త క్లచ్ వస్తుంది. ఇనుము తిన్నచోట ఇనుము మొలవదు.

మీటరు తిప్పే మాట కూడా ఎత్తాలి, డిజిటల్ మీటరు కదా తిప్పలేరు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. లాప్‌టాప్ పెట్టి అరగంటలో తిప్పేస్తారు. 28 వేలు అన్నదాన్ని టైర్లు పట్టిస్తాయి. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు అచ్చుపోసి ఉంటాయి, 3115 అంటే 2015లో 31వ వారంలో తయారైంది అని. 28 వేలకి కంపెనీ నుంచి వచ్చిన మొదటి టైర్లే ఉండాలి. అవే ఉంటే మీటరు నిజమే కావచ్చు, కానీ పదకొండేళ్ల రబ్బరు మీద మీరు హైవే ఎక్కకూడదు, నాలుగూ మార్చాలి. కొత్త టైర్లుంటే పాతవి వయసుకి మార్చారా, అరిగి మార్చారా అని అడగాలి, బిల్లు చూడాలి. అలాగే పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ మీద చేతులు పడే చోటు, డ్రైవరు సీటుకి తలుపు వైపున్న అంచు. 28 వేల బండిలో ఇవి కొత్తగా ఉండాలి. 92 వేల బండిలో అరిగి ఉండాలి, ఆ బండిలో ఇవన్నీ తళతళలాడుతుంటే దాన్నీ అనుమానించండి. రెండింటికీ నంబరు చెప్పి కంపెనీ సర్వీసు సెంటర్లో పాత రికార్డు తీయించమని అమ్మేవాళ్లనే అడగండి, ప్రతి సర్వీసింగ్‌కీ రీడింగ్ ఉంటుంది. వద్దు అన్నవాడి బండి మీకూ వద్దు.

సర్వేయర్ల చిట్కా ఇంకొకటి. అద్దాల మూలల్లో చిన్న అక్షరాల్లో కంపెనీ ముద్ర, తయారీ గుర్తులు ఉంటాయి. అన్ని అద్దాల మీదా ఒకేలా ఉండి ఒక్కదాని మీద వేరేగా ఉంటే, ఆ వైపు ఏదో తగిలింది. తగలడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. మీరు చూసిన రెండూ హుద్‌హుద్ తర్వాతి బండ్లే, అదొక ఊరట. 2014 అక్టోబరు 12న ఆ తుపాను మన ఊరి మీదే తీరం దాటింది. ఆ తర్వాత వారాల తరబడి చెట్లు పడి కప్పులు నలిగిన కార్లే చూశాను. వాటిలో చాలా మళ్లీ రోడ్డెక్కాయి, ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. అంతకుముందు రిజిస్టరైన విశాఖ బండి ఎవరైనా చూపిస్తే టాపు, స్తంభాలు వేళ్లతో తడిమి చూడాలి.

ఇక మీ అవసరం. మధురవాడ నుంచి గాజువాక, రానూపోనూ యాభై కిలోమీటర్ల పైమాటే. ఏడాదికి తక్కువలో తక్కువ 15 వేలు. పెద్దాయన పదకొండేళ్లలో తిప్పింది మీరు రెండేళ్లలో తిప్పేస్తారు. పదేళ్లు వరండాలో కూర్చున్న మనిషిని ఒక్కసారి లేపి సింహాచలం మెట్లెక్కమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది దానికి. రెప్ బండికి మీరు చెప్పే పని కొత్తేమీ కాదు, ఇన్నాళ్లూ ఏడాదికి అంతే తిరుగుతోంది.

ఇది పెట్రోలు స్విఫ్ట్ కాబట్టి ఇంకో ధైర్యం ఉంది. ఇంజన్లో టైమింగ్ బెల్టు కాదు, చైను ఉంటుంది, లక్ష దగ్గరపడగానే బెల్టు మార్చాలన్న ఖర్చు లేదు. ఆయిలు వేళకి మారి ఉంటే 92 వేలంటే దీనికి నడివయసు కూడా కాదు. డీజిలైతే ఇంత తేలిగ్గా అనేవాణ్ణి కాదు, అక్కడ టర్బో, ఇంజెక్టర్ల బిల్లులు వేరే లోకం.

వయసు వైపు మీ తమ్ముడు చెప్పని లాభాలు కూడా కొన్ని ఉన్నాయి. 2018లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో అన్ని రకాల్లోనూ ముందు రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్నాయి. 2015 బండిలో అది వేరియంట్‌ని బట్టి, ఉండొచ్చు, లేకపోవచ్చు. షీలానగర్ దగ్గర లారీల మధ్య రోజూ నడిపేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, అంటే మొదటిది 2030లో, రెండోది 2035లో తీరుతుంది. తీరాక ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. కానీ 2022 ఏప్రిల్ నుంచి పాత కార్ల రెన్యువల్ ఫీజు 600 కాదు, 5 వేలు, పైన గ్రీన్ ట్యాక్సు. మీరు నాలుగేళ్లు వాడి అమ్మేసరికి మొదటిది కాగితాల మీద ముసలిదైపోతుంది, కొనేవాడు ఆ సాకుతోనే సగానికి అడుగుతాడు. లోను తీసుకునేటట్టయితే బ్యాంకు కూడా బండి వయసే చూస్తుంది, మీటరు చూడదు.

డబ్బు దగ్గరికొద్దాం. రెప్ బండికి కొన్న మొదటి నెలల్లో నేను పక్కన పెట్టుకోమనేది 40 వేలు. క్లచ్ సెట్టు, ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, బ్రేక్ ప్యాడ్లు, ఆయిళ్లన్నీ, ఒక జత టైర్లు. ఇది నా అంచనా, ర్యాంపు మీద తేలేదాన్ని బట్టి పదివేలు అటూ ఇటూ. ఆ 40 వేలు బేరంలోంచే రావాలి. 4 లక్షల 20కి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు. అడగడానికి మీకు మంచి కారణం ఉంది: 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, కొత్త కారు ధరే తగ్గినప్పుడు పాతదాని ధర పాత లెక్కన ఎలా ఉంటుంది? రెప్‌లు బేరమాడటంలో మనకంటే రెండాకులు ఎక్కువే చదివి ఉంటారు, కాబట్టి మెకానిక్ రాసిచ్చిన కాగితం చేతిలో పెట్టుకుని మాట్లాడండి.

మొదటి బండికి పైకి కనిపించేదే టైర్లు, బ్యాటరీ, హోసులు, బెల్టులు, బ్రేక్ రబ్బర్లు కలిపి అంతకి తక్కువ కాదు. తర్వాత ఏసీ ఎప్పుడు మొరాయిస్తుందో, రేకు ఎప్పుడు పొక్కుతుందో చెప్పలేం. అలాగని ఆ బండిని చూడకుండా తోసేయమనను. ఒకవేళ అది సెల్లార్లో ఉండి, ఏడాదికోసారి తప్పకుండా సర్వీసింగ్ జరిగి, ర్యాంపు మీద రేకు టంగుమని పలికి, పెద్దాయన 3 లక్షలకి దిగితే నేను మనసు మార్చుకుంటాను. మీరు వారానికి రెండుసార్లు పిల్లల్ని ట్యూషన్‌కి దింపడానికి కొంటున్నా మార్చుకునేవాణ్ణి. ఈ నాలుగూ కలిసి రావడం మాత్రం అరుదు.

చూసే రోజు ముందుగానే ఫోన్ చేసి “మేము వచ్చేదాకా స్టార్ట్ చేయకండి” అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి, చల్లగా ఉండాలి. చల్లటి ఇంజను మొదటిసారి ఎలా అందుకుంటుందో అదే నిజం. తర్వాత ఏసీ పూర్తిగా పెట్టి, నలుగురు కూర్చుని ఎండాడ ఎత్తు ఎక్కించండి. ఇంజను అరుస్తూ బండి ముందుకు పోకపోతే క్లచ్ అయిపోయినట్టు.

కాగితాలు క్లుప్తంగా. ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం చూడండి, 2020 రిజిస్ట్రేషన్ అయినా తయారీ 2019 కావచ్చు, ఆ తేడాకి బేరం ఉంది. రెప్ బండి మీద ఫైనాన్సు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి ఆ ఫైనాన్సు తీయించే ఫారం 35 వచ్చాకే పూర్తి డబ్బు. ఇన్ని కిలోమీటర్ల బండి కాబట్టి ఎప్పుడైనా పసుపు నంబరు మీద తిరిగి తెలుపుకి మారిందేమో కూడా చూసుకోండి. చలాన్లు ఆన్‌లైన్లో చూసి కట్టించండి. ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదురుగానే. ట్రాన్స్‌ఫర్ మీరే దగ్గరుండి చేయించండి, “తర్వాత చూద్దాం” అన్నవాళ్ల బండ్లు ఇంకా పాత ఓనర్ల పేరు మీదే తిరుగుతున్నాయి. ఇన్సూరెన్సు 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్చుకోండి. ఆయనకున్న నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు.

మీ నాన్నగారి సంగతి. ఆయన కాలంలో బండంటే ఇంజనే, అరవై డెబ్భై వేలకి ఇంజను విప్పి అరిగిన సిలిండర్లు సరిచేయించే బోరింగ్‌కి వచ్చేసేది, అప్పటికి ఆయన లెక్క సరైనదే. ఇప్పుడు మీరు వాదించి ఒప్పించే పని పెట్టుకోవద్దు. ర్యాంపు దగ్గరికి ఆయన్ని వెంటబెట్టుకెళ్లండి. ముందు రెప్ బండి ఎత్తించండి, తర్వాత పెళ్లికూతుర్ని. టార్చి, స్క్రూడ్రైవరు ఆయన చేతికే ఇచ్చి మీరు పక్కకి వెళ్లి టీ తాగి రండి.